కొల్లేరు ఖాళీ స్థలం కాదు బాబూ

మనోళ్ళకి "అభివృద్ధి" అన్న మాట వినపడితే చాలు, కాలిక్యులేటర్ బయటికి తీస్తారు. ఈ మధ్య మా తాడేపల్లిగూడెం బ్యాచ్ ఎక్కడ కలిసినా ఇదే గోల. "కొల్లేరులో +5 కాంటూరు అని పట్టుక్కూర్చుంటే ఎలా? ఎకరానికి లక్షలు వచ్చే నేలని కొంగలకి వదిలేస్తామా? చేపలు, రొయ్యల మీద దేశానికి డాలర్లు వస్తున్నాయి కదా!" అని. అనేవాళ్ళంతా ఇంజినీర్లే. అందుకే ఇంకా ఒళ్ళు మండుతుంది.

సరే, ముందు వాళ్ళ లెక్కే చూద్దాం. దేశంలో పండే చేపల్లో దాదాపు 30 శాతం మన రాష్ట్రానివే. 2023-24లో దేశం నుంచి 60 వేల కోట్ల రూపాయల పైచిలుకు సముద్ర ఉత్పత్తులు ఎగుమతయ్యాయి, అందులో మూడింట రెండొంతులు రొయ్యే. కలకత్తా వాడి కంచంలో రోహు, కట్ల మన కైకలూరు, ఆకివీడు వైపు నుంచి ఐసు లారీల్లో వెళ్ళినవే. ఇదంతా నిజం, నేనేమీ కాదనను. నా గొడవల్లా ఆ లెక్కలో జమ మాత్రమే ఉంది, ఖర్చు లేదు.

ఒకసారి మ్యాప్ తెరిచి చూడండి. అటు కృష్ణా డెల్టా, ఇటు గోదావరి డెల్టా, రెంటి మధ్యా ఒక పల్లం. అదే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇవి కాక బోలెడు మురుగు కాలవలు, అన్నీ వచ్చి పడేది దాంట్లోనే. బయటికి పోవడానికి ఉన్నది మాత్రం ఒక్క ఉప్పుటేరు. ఓ 60 కిలోమీటర్లు మెల్లగా నడిచి సముద్రంలో కలుస్తుంది. వాలు తక్కువ, పైగా సముద్రం పోటు మీదుంటే నీళ్ళు దిగవు.

మన భాషలో చెప్పాలంటే కొల్లేరు ఒక బఫర్. లోపలికి వచ్చే వేగం ఎక్కువ, బయటికి పోయే వేగం తక్కువ. అలాంటి చోట బఫర్ సైజు తగ్గిస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? ఆఫీసులో ఎవడైనా ఆ పని చేస్తే కోడ్ రివ్యూలోనే చీల్చి చెండాడతాం. ఊళ్ళో చేస్తే మాత్రం "ఆక్వా విప్లవం" అని చప్పట్లు కొడతాం!

ఇప్పుడు అసలు లెక్క. సముద్రమట్టానికి +5 అడుగుల కాంటూరు దగ్గర కొల్లేరు 308 చదరపు కిలోమీటర్లు. +3 దగ్గర 135. కాంటూరు తగ్గించమనేవాళ్ళు అడుగుతున్నది "రెండు అడుగులే కదా" అని. ఆ రెండు అడుగుల మధ్య పట్టే నీళ్ళు ఎన్ని? రెండు విస్తీర్ణాల సగటు తీసుకుని రెండు అడుగులతో గుణించండి. ముతక లెక్కే, అయినా నాలుగున్నర టీఎంసీల పైన తేలుతుంది. ప్రకాశం బ్యారేజీ నిల్వ మూడు టీఎంసీల పైచిలుకు. అంటే బ్యారేజీకి ఒకటిన్నర రెట్ల చోటుని రెండు అడుగుల పేరు చెప్పి గట్ల వెనక దాచేస్తామంటున్నారన్నమాట. అంత నిల్వ మళ్ళీ కట్టాలంటే ఎన్ని వేల కోట్లో, ఎన్ని ఊళ్ళు ఖాళీ చేయించాలో ఆలోచించండి. ప్రకృతి ఊరికే ఇచ్చింది కాబట్టి మనకి దాని విలువ సున్నా.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ సింగ్‌నగర్ మునిగింది గుర్తుందిగా. దానికి కారణం కొల్లేరు చెరువులే అని నేననను. అక్కడ గట్లు తెగాయి, దారిపొడవునా ఆక్రమణలున్నాయి. కానీ ఆ నీళ్ళు చివరికి చేరాల్సింది కొల్లేరుకే. చేరాక ఏమైంది? ఏలూరు-కైకలూరు రోడ్డు మీదకి నీళ్ళొచ్చి రాకపోకలు ఆగిపోయాయి. లంక ఊళ్ళ వాళ్ళు మళ్ళీ పడవలెక్కారు.

ఇందులో ఇంకో తమాషా ఏంటంటే, గట్టు పోసిన పొక్లెయిన్ అద్దె జీడీపీలో కలుస్తుంది. చేప అమ్మితే కలుస్తుంది. వరదకి పాడైన మోటారు బాగుచేయిస్తే అదీ కలుస్తుంది. నీళ్ళని నిశ్శబ్దంగా మోసిన సరస్సు మాత్రం ఎక్కడా కలవదు. పోయినా ఎక్కడా తగ్గదు. ఇలాంటి లెక్కల పుస్తకాన్ని పట్టుకుని "దేశ ఆర్థిక వ్యవస్థ" అని పాఠాలు చెబితే ఎలా?

"మరి పేదవాళ్ళ సంగతేంటి?" అంటారు. మంచి ప్రశ్న. 1970ల్లో జలగం వెంగళరావు ప్రభుత్వం మత్స్యకారుల సహకార సంఘాలు పెట్టించి చెరువులు తవ్వించింది. ఉద్దేశం మంచిదే. తర్వాత జరిగింది చుట్టుపక్కల అందరికీ తెలుసు. సొసైటీ పేరు వడ్డీలది, పెట్టుబడి బయటివాడిది, లాభం కూడా బయటివాడిదే. వలేసుకుని బతికినవాళ్ళకి మిగిలింది చెరువు కాపలా, పట్టుబడి రోజు కూలీ. చుట్టూ నీళ్ళే, తాగడానికి మాత్రం టిన్ను నీళ్ళు కొనుక్కోవాలి.

ప్రభుత్వాల సంగతి చెప్పనే అక్కర్లేదు. 1999లో అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరిందని గర్వపడ్డారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని గట్లు కొట్టేశారు. 2008లో అదే ప్రభుత్వం ఉండగానే +3కి తగ్గించమని అసెంబ్లీ తీర్మానం! పార్టీలన్నీ ఒకే మాట మీద నిలబడిన అరుదైన సందర్భం. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ చూసొచ్చి +5నే ఉంచమంది. ఈలోగా కొట్టేసిన గట్లు మెల్లమెల్లగా మళ్ళీ లేచాయి.

ఇక ఆ "బయటివాడు" ఎవరు? రాజకీయ నాయకులొక్కళ్ళే అనుకుని చేతులు దులుపుకోకండి. గచ్చిబౌలిలోనో, డల్లాస్‌లోనో కూర్చుని "మా బావమరిది చూసుకుంటాడు, నాదో వాటా" అని డబ్బు పంపేవాళ్ళు మనలో లేరా? వాళ్ళే 2022లో బెంగుళూరు అవుటర్ రింగ్ రోడ్డు మునిగి, ట్రాక్టర్లెక్కి ఆఫీసుకెళ్ళినప్పుడు "చెరువులు కబ్జా చేసేశారండీ" అని వాపోయారు. బెళ్ళందూరు అయితే కబ్జా, కొల్లేరు అయితే పెట్టుబడా?

డాలర్ల సంగతి కూడా చూశాం. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. చెరువు గట్టు మీద రొయ్య ధర పడిపోయింది. ఎక్కడో ఎవడో పెట్టే సంతకం మీద ఆధారపడ్డ ఆదాయం కోసం, ఏ సంతకంతోనూ తిరిగిరాని సరస్సుని తాకట్టు పెట్టడం ఏం వ్యాపారం?

చేపల సాగు మానేయమని నేను చెప్పడం లేదు. కాంటూరు బయట బోలెడు నేలుంది, అనుమతి తీసుకుని చేసుకోండి. అభయారణ్యం లోపల సుమారు 15 వేల ఎకరాల జిరాయితీ ఉంది. అది కబ్జా కాదు, రైతు సొంతం. వాళ్ళకి సరైన ధర కట్టి ఇవ్వకుండా ఇరవై అయిదేళ్ళకి పైగా నానబెట్టడం ప్రభుత్వం చేసిన అన్యాయం. ఆ డబ్బు ఇచ్చెయ్యాలి. వడ్డీలకి వలేసుకునే హక్కు వాళ్ళ చేతిలోనే ఉండాలి, బినామీకి కాదు. ఉప్పుటేరు పూడిక తియ్యాలి. ఇవన్నీ చేశాక కూడా +5 గీత అక్కడే ఉండాలి.

మీ వంతుగా ఒక్క పని చెయ్యండి. ఈసారి ఎవరైనా "చెరువులో వాటా ఉంది, వేస్తావా?" అని ఫోన్ చేస్తే, రాబడి ఎంతో తర్వాత అడుగుదురుగాని, ముందు సర్వే నంబరు అడగండి. అది +5 లోపలా బయటా అని అడగండి. అవతలివాడు నీళ్ళు నమిలితే ఫోన్ పెట్టెయ్యండి.