పరీక్ష చవక, ఫ్రేము ప్రియం

బ్రిటన్‌లో మామూలు కంటి పరీక్షకు ఎవరూ ఆసుపత్రికి వెళ్లరు. బజారు వీధిలో ఉన్న కళ్లజోళ్ల షాపుకే వెళతారు. స్పెక్‌సేవర్స్, విజన్ ఎక్స్‌ప్రెస్, బూట్స్ వంటి పెద్ద సంస్థల శాఖలు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తాయి. సొంతంగా నడుపుకునే చిన్న షాపులూ ఉన్నాయి. లోపలి గదిలో ఆప్టోమెట్రిస్టు కళ్లు చూస్తారు, ముందు గదిలో ఫ్రేములు అమ్ముతారు. వైద్యమూ వ్యాపారమూ ఒకే కప్పు కింద నడుస్తాయి. ఈ ఏర్పాటులోని సౌకర్యమూ, చిక్కూ అక్కడే ఉన్నాయి.

1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవ (ఎన్‌హెచ్‌ఎస్) మొదలైనప్పుడు పరీక్షకూ డబ్బు లేదు, కళ్లజోడుకూ లేదు. అంతకుముందు పేదలు వూల్‌వర్త్స్ దుకాణంలో పేర్చిన జోళ్లను ఒక్కొక్కటే పెట్టి చూసుకుని, అక్షరాలు కనిపించిన జోడు కొనుక్కుపోయేవారు. అలాంటి చోట ఉచితం అనగానే జనం విరగబడ్డారు, ఖర్చు అంచనాలు దాటిపోయింది. 1951 బడ్జెట్‌లో ప్రభుత్వం కళ్లజోళ్లకు, కట్టుడు పళ్లకు రుసుము పెట్టింది. ఎన్‌హెచ్‌ఎస్‌కు రూపమిచ్చిన అనైరిన్ బెవన్ అది సహించలేక మంత్రి పదవికి రాజీనామా చేశారు. పరీక్ష మాత్రం మరో నాలుగు దశాబ్దాల పాటు దాదాపు అలాగే ఉచితంగా సాగింది. 1989 ఏప్రిల్‌లో థాచర్ ప్రభుత్వం ఆ ఉచితాన్ని కొన్ని వర్గాలకే పరిమితం చేసింది. 60 ఏళ్లు దాటినవారికి 1999లో తిరిగి ఇచ్చారు. స్కాట్లండ్ 2006 నుంచి అందరికీ ఉచితం చేసింది. కార్లైల్‌లో ఉండే ముప్పై ఏళ్ల మనిషి ఇప్పటికీ డబ్బు కట్టాలి. కొద్ది మైళ్ల అవతల, సరిహద్దు దాటి గ్రెట్నాలో ఉండే అతని ఈడు వాడికి అక్కర్లేదు.

ఇంగ్లండ్‌లో 16 లోపు పిల్లలకు, 60 దాటినవారికి, పూర్తికాలం చదువుకుంటున్న 19 ఏళ్ల లోపు వారికి, కొన్ని రకాల ప్రభుత్వ సాయం పొందేవారికి పరీక్ష ఉచితం. అక్కడి తెలుగువారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసినవి మరో రెండున్నాయి. షుగరు ఉన్నవారికి ఏ వయసులోనైనా ఉచితమే. తల్లిదండ్రుల్లోగానీ తోబుట్టువుల్లోగానీ పిల్లల్లోగానీ ఎవరికైనా నీటికాసులు ఉంటే, 40 దాటినవారికీ ఉచితమే. ఇంటి జబ్బుల సంగతి బయట చెప్పుకోవడానికి మొహమాటపడితే ఇక్కడ జేబుకు చిల్లు. అన్నట్టు, షుగరు ఉన్నవారికి ఎన్‌హెచ్‌ఎస్ విడిగా పిలిచి తీసే రెటీనా ఫొటోలు వేరు, షాపులో చేసే ఈ పరీక్ష వేరు. ఒకటి చేయించుకున్నామని రెండోది మానకూడదు. రోజంతా కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగి అడిగితే పరీక్ష ఖర్చు యజమానే భరించాలని 1992 నాటి నిబంధనలు చెబుతున్నాయి. సాఫ్ట్‌వేర్ కొలువుల్లో ఉన్నవారు తమ హెచ్‌ఆర్ విభాగాన్ని ఒకసారి అడిగి చూడవచ్చు.

ఇవేవీ వర్తించనివారు పెద్ద షాపుల్లో ఇంచుమించు 25, 30 పౌండ్లు కడతారు. ఉచిత పరీక్షకు ఎన్‌హెచ్‌ఎస్ షాపుకు ఇచ్చేది అంతకన్నా తక్కువే. చదువుకున్న నిపుణుడి అరగంట సమయం, గది అద్దె, యంత్రాల ఖర్చు ఆ డబ్బుతో గిట్టవని ఆ వృత్తివారు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు. అందులో అబద్ధం లేదు. ఆ లోటు పూడేది ఫ్రేముల మీద, అద్దాల మీద. పరీక్ష గది నుంచి మనిషిని నేరుగా ఫ్రేముల గోడ దగ్గరికి నడిపించేదీ, పలచటి అద్దమనీ మెరుపు తగ్గించే పూత అనీ రెండో జోడు ఉచితమనీ ఊరించేదీ అందుకే. ఓసీటీ అనే స్కాన్‌కు అదనపు రుసుము అడుగుతారు. కంటి వెనక పొరలను అది బాగా చూపిస్తుంది, కుటుంబంలో నీటికాసులున్న పెద్దవారికి ఆ డబ్బు వృథా కాదు. అయినా అది ఐచ్ఛికం. వద్దన్నంత మాత్రాన అసలు పరీక్షలో కోత పెట్టడానికి వీల్లేదు.

కొనేవారికి 1989 నాటి ఆప్టీషియన్ల చట్టం అండగా ఉంది. పరీక్ష చేసినవారు పవర్ ఒక్కటే చూసి వదిలేయకూడదు. కంట్లో జబ్బు లక్షణాలున్నాయేమో కూడా వెతకాలి. ముగియగానే ప్రిస్క్రిప్షన్ రాసి చేతికివ్వాలి. అక్కడే కళ్లజోడు కొంటేనే పరీక్ష చేస్తామనకూడదు. కాబట్టి కాగితం మడిచి జేబులో పెట్టుకుని, థాంక్యూ చెప్పి బయటికి రావచ్చు. అదేమీ మర్యాద తప్పినట్టు కాదు. ఒక మెలిక మాత్రం ఉంది. రెండు కనుపాపల మధ్య దూరం ఆ కాగితం మీద ఉండాలని చట్టం చెప్పలేదు. ఆన్‌లైన్‌లో కొనేవారికి కావలసింది అదే.

తేలికపాటి సింగిల్ పవర్ అద్దాలు ఎక్కడ చేయించినా పెద్దగా ఇబ్బంది రాదు. ప్రోగ్రెసివ్ అద్దాల సంగతి వేరు. ఫ్రేము ముఖాన పెట్టించి కొలిచి చేసే షాపులోనే అవి మేలు. పైగా పరీక్ష ఒకచోట, అద్దాలు మరోచోట అయినప్పుడు తేడా వస్తే ఇరువురూ తప్పు అవతలివారిదేనంటారు. అంతకీ తేలకపోతే ఆప్టికల్ కన్స్యూమర్ కంప్లైంట్స్ సర్వీస్ డబ్బు తీసుకోకుండా మధ్యవర్తిత్వం చేస్తుంది. నిపుణుడి యోగ్యత మీదే అనుమానముంటే జనరల్ ఆప్టికల్ కౌన్సిల్‌కు రాయాలి.

సెలవుల్లో ఇండియాకు వచ్చినప్పుడు ఆ కాగితం చూపించి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో జోళ్లు చేయించుకుపోయే కుటుంబాలున్నాయి. స్పియర్, సిలిండర్, యాక్సిస్ అంకెలు ఎక్కడైనా ఒకటే కనుక అది పనికొస్తుంది. అయితే ఇక్కడి షాపుల ముందు వేలాడే ‘ఉచిత కంప్యూటర్ కంటి పరీక్ష’ బోర్డును అక్కడి పరీక్షతో సమానమనుకోకూడదు. లెక్క ఒకటే, పరీక్ష ఖర్చు ఫ్రేము ధరలో కలిసి ఉంటుంది. ఆ యంత్రం చెప్పేది పవర్ అంచనా మాత్రమే. కంటి ఒత్తిడి, రెటీనా, కంటి నరం దాని లెక్కలోకి రావు. నీటికాసుల వ్యాధి తొలిదశలో నొప్పీ ఉండదు, చూపూ తగ్గినట్టు అనిపించదు. నలభై దాటినవారు, షుగరు ఉన్నవారు కొత్త జోడు బాగానే కుదిరినా కంటి వైద్యుడికి ఫీజు కట్టి ఒకసారి కళ్లు చూపించుకోండి.