కానుక సొమ్ముతో గిటారు

నంద్యాల మొదలుకొని ఆళ్లగడ్డ వరకుగల మన పల్లె సంఘములలో గిటారు లేని యౌవనస్థుల కూటము ఇప్పుడు అరుదు. అందుకు నేను విచారించుట లేదు. నా విచారము వేరు. ఆ గిటారులలో అనేకము ఆదివారమున వేదిక ప్రక్కన గాక, ఎవరింటనో బీరువామీద, తెగిన తీగతో దుమ్ము పట్టి పడియున్నవి. కొన్న నాలుగు నెలలకే ఆ గతి పట్టినవి కొన్ని. వాటిని కొన్నది ఎవరి సొమ్ము? పత్తిచేలలో కూలిచేసి వచ్చిన స్త్రీలు వంటకు బియ్యము కొలుచునప్పుడు ప్రక్కకు తీసిపెట్టిన పిడికెడు బియ్యము అమ్మగా వచ్చిన సొమ్ము. అట్టి సొమ్మును రంగు చూచి, మెరుపు చూచి వెచ్చించు పెద్దలమీదను కోశాధికారులమీదను నాకు ఫిర్యాదు కలదు. దానిని మొగమాటము లేక ఇక్కడ వ్రాయుచున్నాను.

ముందుగా, గిటారే వద్దను పెద్దలతో రెండు మాటలు. హార్మోనియము మన తాతల వాద్యమనియు, గిటారు సినిమావారి వాద్యమనియు వారందురు. అయ్యా, హార్మోనియము పారిసు నగరమున అలెగ్జాండర్ దెబేన్ అనువాడు 1842లో పేటెంటు పొందిన పెట్టె. ఆలిండియా రేడియోవారు 1940లో దానిని నిషేధించి 1971 వరకు లోపలికి రానీయలేదు. ఫిడేలు ఐరోపానుండి వచ్చినదే. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు (1893–1964) కమాను పట్టినప్పుడు అది పరాయిదని ఎవరనిరి? పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ విద్యుత్ మాండలినుమీద త్యాగరాజ కీర్తనలు వాయించి మెప్పు పొందెను. వాద్యమునకు జాతి లేదు.

అయినను వారి మాటలో ఒక సత్యము కలదు, దానిని దాచను. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మనకిచ్చిన కీర్తనలు రాగములలో కట్టబడినవి. గిటారు మెట్లు కదలవు. గొంతు జారునట్లు, ఊగునట్లు అవి ఊగవు. అట్టి కీర్తనలకు గిటారు వాయించువాడు ఆధార శ్రుతిని తాళమును చూచుకొని తక్కినచోట ఊరకుండవలెను. అయితే ఇది వాయించువానిమీద ఫిర్యాదు గాని గిటారుమీద గాదు.

ఇక అసలు సంగతి. సంఘమునుండి ముగ్గురు బయలుదేరి అంగడికి పోవుదురు. వారిలో వాయించుట తెలిసినవాడు తరచుగా ఒకడును ఉండడు. వారడుగు మొదటి ప్రశ్న: "వైరు తగిలించుకొనునది ఉన్నదా?" అంగడివాడు నల్లగా మెరయు గిటారు నొకటి తీసి, ప్రక్కన అమర్చిన నాలుగు బొత్తాములను, వెలుగు ట్యూనరును చూపి, స్పీకరునకు తగిలించి ఒక్కసారి జల్లుమని మీటును. అంగడి అంతయు మ్రోగును. వెల అయిదారు వేలే. పెద్దలు ఒకరి మొగము ఒకరు చూచుకొని సంతోషింతురు.

ఒక్క నిమిషము నిలిచి లెక్క చూడుడి. గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్కించుకొనవలెనని మనము ప్రసంగములలో చెప్పుకొనుచున్నాము గదా. మామూలు గిటారును, వైరు గిటారును ఒకే వెలకు అమ్మినయెడల, ఆ పికప్పునకు, ప్రీయాంపునకు, బొత్తాములకు అయిన డబ్బు ఎక్కడనుండి వచ్చినది? కర్రనుండి వచ్చినది. మెట్లకు పెట్టవలసిన పనినుండి, బిరడల పళ్లనుండి వచ్చినది. అనగా మీరు మంచి గిటారు కొని దానికి విద్యుత్తు చేర్చలేదు. గిటారును తగ్గించి బొత్తాములు కొంటిరి.

ఆ బొత్తాముల వెనుకనున్న పని ఏమో చెప్పెదను. 1880లో ఫ్రాన్సు దేశపు క్యూరీ సహోదరులు కొన్ని స్ఫటికములను నొక్కినయెడల వాటిలో విద్యుత్తు పుట్టునని కనుగొనిరి. ఆ సూత్రముమీదనే తీగలను మోయు తెల్లని పుల్ల క్రింద సన్నని పట్టీ నొకటి అమర్చుదురు. తీగ ఊగినప్పుడెల్ల దానిమీద ఒత్తిడి మారును. పుట్టిన బలహీనమైన విద్యుత్తును తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నడచు ప్రీయాంపు బలపరచి వైరులోనికి పంపును. ఇంతే. తీగ సరిగా పలికిన, సరిగా పలికినదే పెద్దదగును. తప్పుగా పలికిన, ఆ తప్పే పెద్దదై కడపటి బల్లవరకు వినబడును. పిల్లనగ్రోవి గాని వీణె గాని స్వరభేదము తెలియనీయనియెడల వినువానికి ఏమి ప్రయోజనమని కొరింథీ సంఘమును పౌలు అడిగెను. స్పీకరు తగిలించినంతమాత్రమున ఆ ప్రశ్న తప్పదు.

ఆళ్లగడ్డ శిల్పులను చూడుడి. విగ్రహము చెక్కుటకు రాయి ఎంచునప్పుడు శిల్పి సుత్తితో తట్టి వినును. గంటవలె మ్రోగినదా, లోపల పగులున్నట్లు బొంగురుపోయినదా అని చెవితో తెలిసికొనును. వారి విగ్రహములతో మనకు పని లేకపోవచ్చును గాని, వారి చెవితో పని కలదు. రాయి కొనుటకే అంత వినికిడి కావలసియుండగా, పాట కొరకు కొను పెట్టెను కన్నుతో కొనుట ఏమి న్యాయము?

కాబట్టి అంగడిలో మొదట వైరు తీసివేయుమని అడుగుడి. తీగలను శ్రుతి చేయించుడి. ఫోనులోని ట్యూనరు చాలును. పిమ్మట దండిని కంటియెదుట బాణమువలె పట్టి, వంకర యున్నదేమో చూడుడి. కొంచెము వంపు లోపలి ఉక్కు కడ్డీని త్రిప్పిన సరియగును; మెలిక తిరిగిన దండిని విడిచిపెట్టుడి. పన్నెండవ మెట్టువద్ద లావు తీగకును మెట్టుకును నడుమ సుమారు రెండున్నర మిల్లీమీటర్లు, సన్న తీగకు రెండు మిల్లీమీటర్ల సందు చాలును. నాలుగైదు మిల్లీమీటర్లున్న గిటారు వ్రేళ్లను కోయును. పండ్రెండేండ్ల పిల్ల ఆదివారపు బడిలో పాట నేర్పవలెనని ఆశతో పట్టుకొని, పదియవ దినమున వ్రేళ్లు చూపి ఏడ్చి విడిచిపెట్టును; ఆ పిల్లకు సంగీతము రాదని మనము తీర్పు చెప్పుదుము. తప్పు పిల్లది కాదు, రెండు మిల్లీమీటర్లది.

ఇంకొక పరీక్ష. పన్నెండవ మెట్టుకు సరిగా ఎదుట తీగను నొక్కక ఊరక తాకి మీటిన సన్నని గంటస్వరము వచ్చును. అదే మెట్టువద్ద నొక్కి మీటిన స్వరము దానితో కలియవలెను. కలియనియెడల ఆ గిటారును ఎంత శ్రుతి చేసినను పైమెట్లలో తప్పుచునే యుండును. తరువాత ప్రతి తీగను ప్రతి మెట్టువద్దను ఒక్కొక్కసారి మీటించుడి. అంగడివాడు విసుగుకొనినను సరే. ఇవన్నియు అయిన తరువాతనే వైరు తగిలించి, ఆరు తీగలును సమానముగా వినబడుచున్నవా, ఒకటి కేకవేసి ఒకటి గొణుగుచున్నదా చూడుడి. ఫోనులో బొమ్మ చూచి తెప్పించువారు ఈ పరీక్షలను పెట్టె విప్పిన దినముననే, తిరిగి పంపు గడువు దాటకముందే చేయవలెను.

కర్ర విషయమున పుస్తకజ్ఞానులతో కూడ నాకు తగవు కలదు. పైపలక ఒకే స్ప్రూసు కర్రతో చేసినదై యుండవలెనని, పొరలు అతికినది పనికిరాదని వారందురు. ఒకే కర్ర పలక మధురముగా పలుకును, నిజమే. అయితే వారు మన మే నెలను ఎరుగరు. నంద్యాలలో ఎండ నలువది డిగ్రీలు దాటి, రేకుల కప్పు క్రింద గిటారు వారమంతయు వ్రేలాడుచుండగా, ఆ పలక ఎండి పగులును, గుర్రమువద్ద బంక సడలును. వాద్యమును కన్నబిడ్డవలె చూచుకొను ఇంటిలో ఒకే కర్ర మేలు. తాళము వేసిన పల్లె గుడిలో జాగ్రత్తగా అతికిన పొరల పలకయే బుద్ధిగల యెన్నిక. ఇందులో సిగ్గు లేదు.

"వైరు లేనియెడల వెనుకవారికి వినబడదు గదా" అని ఒకరడుగుదురు. నలుబదిమంది కూర్చుండు గదిలోనా? ఆ గదిలో మామూలు గిటారు చక్కగా వినబడును; వినబడనిచో పాట పాడు మైకునే కొంచెము వంచిన చాలును. నిజము చెప్పవలెనన్న, చిన్న గదిలో వైరు గిటారు చేయు ఉపద్రవమే ఎక్కువ. స్పీకరు ధ్వని డొల్లపెట్టెలో దూరి, మరల పికప్పులో దూరి, కూతగా మారును; ప్రార్థన నడుమ ఆ కూత విననివారెవరు? నంద్యాల హోలీ క్రాస్ కతీడ్రల్ వంటి పెద్ద ఆలయములలో సంగతి వేరు. అక్కడ పికప్పు అవసరమే. అట్టివారు ఒకే పెట్టెను రెండు విధములుగా చేయు కంపెనీలను చూడవలెను. యమహావారి ఎఫ్ 310కు పికప్పు అమర్చినదే ఎఫ్ఎక్స్ 310ఎ. ఇట్టి జంటలలో రెండు వెలల తేడా చూచిన, విద్యుత్తునకు మనమిచ్చుచున్నదెంతయో తెలియును. పల్లె సంఘము ముందు మామూలుదానినే కొని, కూటము పెరిగిన తరువాత పెట్టె రంధ్రములో బిగించు పికప్పు నొకదానిని వేరుగా కొనవచ్చును.

పదివేల రూపాయలున్న సంఘము పదివేలకు గిటారు కొనరాదు. ఎనిమిదివేలకు కొని, మిగిలిన రెండువేలను మందపు సంచికి, రెండు జతల తీగలకు, స్త్రీల గొంతునకు శ్రుతి పెంచుటకు కావలసిన కాపోకు, తీగల ఎత్తు సవరించు పనివానికి ఉంచవలెను. చవుక గిటారునైనను ఆ పనివాడు సగము బాగుచేయును. వైరు గిటారే కొంటిరా, వాయించుట ముగిసిన వెంటనే వైరు ఊడదీయుడి. సాధారణముగా వైరు పెట్టియున్నంతసేపు లోపల బ్యాటరీ కరగుచునే యుండును.

దాతలకు కూడ ఒక మనవి. పంకాలమీదను బల్లలమీదను పేరు వ్రాయించుకొనుట మనవారికి అలవాటు. గిటారు పైపలకమీద మాత్రము పెయింటుతో వ్రాయించవద్దు. ఆ పలక ఊగుటవలననే ధ్వని పుట్టుచున్నది. రంగు దట్టముగా పూసిన దాని ఊపు తగ్గును. పేరు తప్పదన్న, సంచిమీద కుట్టించుకొనుడి.

ఈసారి ఆళ్లగడ్డనుండి గాని శిరివెళ్ళనుండి గాని గిటారు కొరకు నంద్యాల పోవు పెద్దలు, దానిని వాయింపబోవు పిల్లవానినో పిల్లనో వెంట తీసికొనిపోవలెను. వారి చేతికి గిటారునిచ్చి, అరగంట అక్కడ కూర్చుండనీయవలెను. వారి బస్సు చార్జీని సంఘపు లెక్కలో వ్రాయుటకు కోశాధికారి వెనుదీయనక్కరలేదు.