స్కోపు శుభ్రం చేశారా అని అడుగుదాం

సెకండ్‌హ్యాండ్ కారు కొనాలంటే మెకానిక్‌కి చూపించందే మనం డబ్బులివ్వం. అదే కడుపులోకి గొట్టం పంపే పరీక్షకి వెళ్తే మాత్రం నోరు మెదపం. డాక్టరుగారు ఏమనుకుంటారోనని మొహమాటం. మా రిచ్‌మండ్ హిల్‌లోనైనా, గల్ఫ్‌లోనైనా మనవాళ్ల తీరు ఇదే.

ఎండోస్కోపీ, కొలనోస్కోపీ గొట్టాలు మామూలుగా ఒకరికి వాడి పారేసేవి కావు. ఒకటే స్కోపు ఎంతోమందికి వాడతారు. మరగబెడదామంటే వేడికి పాడవుతుంది. అందుకే పరీక్ష అయిన వెంటనే తుడవాలి. లీకేజీ చూడాలి. లోపలి సన్నటి దారుల్ని బ్రష్‌తో తోమాలి. ఆ తర్వాతే రసాయనంలో చెప్పినంతసేపు ఉంచి, కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. మురికి ఎండి అంటుకుంటే మందు లోపలిదాకా పనిచేయదు. తడి మిగిలితే సూక్ష్మజీవులు మళ్లీ పెరుగుతాయి.

ఇందులో అశ్రద్ధ చేస్తే ఏమవుతుందో ఇక్కడే చూశాం. 2011లో ఒట్టావాలోని ఒక క్లినిక్‌లో స్కోపుల శుభ్రత సరిగా లేదని తేలింది. అక్కడ పరీక్ష చేయించుకున్న దాదాపు 6,800 మందికి ఆరోగ్యశాఖ ఉత్తరాలు రాసింది. ముప్పు చాలా తక్కువేనంటూనే హెపటైటిస్, హెచ్ఐవీ పరీక్షలు చేయించుకోమంది. ఆ ఉత్తరం అందుకున్నవాళ్లకి నిద్ర పట్టి ఉంటుందా?

అలాగని పరీక్షే మానేస్తామంటే అంతకన్నా పొరపాటు లేదు. ఒంటారియోలో 50 నుంచి 74 ఏళ్లవారికి రెండేళ్లకోసారి మలపరీక్ష ఉచితం. అందులో తేడా కనిపిస్తే కొలనోస్కోపీ తప్పనిసరిగా చేయించుకోవాలి. పెద్దపేగు కేన్సర్ ముందే దొరికితే ప్రాణం దక్కుతుంది.

వెయిటింగ్ తగ్గించడానికి ఎండోస్కోపీని ఆస్పత్రుల బయటి కేంద్రాల్లో ఇంకా పెంచుతామని 2025లో ఒంటారియో ప్రభుత్వం ప్రకటించింది. మంచిదే. కానీ గొట్టాలు కడిగేది డాక్టరు కాదు, తెర వెనుక ఉండే టెక్నీషియన్లు. టార్గెట్లు పెట్టి తొందరపెడితే పని ఎలా తయారవుతుందో షిఫ్టుల్లో పనిచేసే మనకి ఒకరు చెప్పాలా? పేషెంట్ల సంఖ్య పెంచండి గానీ కడిగే టైము కోయకండి అనేదే మా మాట.

అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడు మూడు ముక్కలు అడుగుదాం. స్కోపులు శుభ్రం చేసేవాళ్లకి శిక్షణ ఉందా? ఏ స్కోపు ఎవరికి వాడారో రాసి పెడతారా? తనిఖీ ఎప్పుడు జరిగింది, ఏం తేలింది? అనుమానముంటే మా ప్రాంతంవాళ్లు యార్క్ రీజియన్ పబ్లిక్ హెల్త్‌కి ఫోన్ చేయొచ్చు.

సెలవులకి ఇండియా వెళ్లి చేయించుకునేవాళ్లూ ఇవే ప్రశ్నలు అడగాలి. డాక్టర్ నాగేశ్వరరెడ్డిగారి ఏఐజీ వల్ల హైదరాబాద్‌కి ఎండోస్కోపీలో ప్రపంచమంతా పేరుంది. ఆ పేరు చూసి సందులోని ప్రతి క్లినిక్‌నీ నమ్మలేం కదా!

అడిగితే మర్యాద తక్కువేం కాదు. బాగా చేసేవాళ్లు సంతోషంగా చెబుతారు. విసుక్కునేచోట మనకేం పని?