అల్లిక మనది, తీరిక ఎవరిది?

‘తీరిక వేళల్లో అల్లికలు’ అనే మాట మీద నాకు చాలా కాలంగా కోపం. మహిళా శిక్షణల కరపత్రాల్లో, పత్రికల ఆడవాళ్ళ పేజీల్లో, పెళ్ళిచూపుల్లో అమ్మాయి గుణగణాలు చెప్పేటప్పుడు ఆ మాట ఇంకా బతికే ఉంది. వినడానికి మెత్తగా ఉంటుంది. కానీ ఆడవాళ్ళ శ్రమను కొలవకుండా తప్పించుకోడానికి ఇంతకంటే మంచి సాధనం లేదు.

ముందు ఆ పనేమిటో చూద్దాం. దర్శిలో మా చిన్నమ్మ క్రోషియా సూదితో ఊలు శాలువా అల్లుతుంది. అంచు నుంచి కాదు, నడిమధ్య నుంచి. మొదట చిన్న ఉంగరం లాంటి ముడి. అందులో 6 కుట్లు. రెండో చుట్టుకు 12, మూడో చుట్టుకు 18. అలా చుట్టుకు ఆరు చొప్పున పెంచుకుంటూ పోవాలి. పెంచే చోట్లు ఒకదాని మీద ఒకటి వస్తే ఆరు కోణాల శాలువా వస్తుంది. చోట్లు జరుపుతూ పోతే గుండ్రటిది. పెంపు ఆరుకు బాగా తగ్గితే అల్లిక గిన్నెలా ముడుచుకుంటుంది, బాగా మించితే అంచు కుచ్చిళ్ళు పడుతుంది. ఆరే ఎందుకు? కుట్టు వెడల్పూ ఎత్తూ దాదాపు సమానమైతే, వ్యాసార్థం ఒక కుట్టు పెరిగినప్పుడల్లా చుట్టుకొలత ఆరు కుట్ల పైచిలుకు పెరుగుతుంది. బడిలో మనం బట్టీపట్టిన ‘రెండు పై ఆర్’ సూత్రమే ఇది. ఏడో తరగతితో చదువాగిన చిన్నమ్మ పొయ్యి మీద ఎసరు చూసుకుంటూ, వందల కుట్లు లెక్క తప్పకుండా దీన్ని నడిపిస్తుంది.

అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో డైనా తైమిన్యా అనే గణితవేత్త 1997లో ఇదే క్రోషియాతో, కావాలనే కుట్లు ఎక్కువ పెంచి, హైపర్బోలిక్ తలానికి గట్టి నమూనా చేశారు. అక్కడ కుచ్చిళ్ళు పడ్డ అంచు జ్యామితి అయింది. ఇక్కడ చక్కగా పరుచుకున్న శాలువా కూడా కాలక్షేపమే.

ఈ ‘కాలక్షేపం’ ఎంత పెద్ద వ్యాపారమో నరసాపురాన్ని చూస్తే తెలుస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు గోదావరి డెల్టాలో నేర్పిన లేసు అల్లిక ఎగుమతి పరిశ్రమగా పెరిగింది. దాని లోగుట్టును మరియా మీస్ 1982లో అచ్చయిన తన పుస్తకంలో విప్పారు. పువ్వులు అల్లేది ఒకరు, అతుకుపని చేసేది ఇంకొకరు. పూర్తి సరుకు ఏ ఒక్కరి చేతిలోనూ ఉండదు. ఇంటిపని కాక గంటల తరబడి అల్లినా వచ్చేది పొలం పనికి వెళ్ళే ఆడవాళ్ళ కనీస వేతనం కంటే ఎంతో తక్కువ. గడప దాటని చేతుల సరుకు సముద్రాలు దాటింది. అయినా వాళ్ళని గృహిణులన్నారే గాని కార్మికులనలేదు. గృహిణి అన్న ఆ పేరే కూలిని చవక చేసింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. కానీ ఆ చట్టం ఊరి పేరును కాపాడుతుంది, కూలి రేటు గురించి ఒక్క మాటా చెప్పదు.

మా పశ్చిమ ప్రకాశంలో పొగాకు బ్యారన్ల దగ్గర కర్రలకు ఆకు కట్టే ఆడవాళ్ళకిచ్చేది తక్కువే, కానీ అది కూలి అని అందరూ ఒప్పుకుంటారు. అదే చెయ్యి రాత్రి ఇంట్లో సూది పడితే అది పనే కాదు! అసలు తీరికెక్కడిది? 2019 సమయ వినియోగ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు ఖర్చుపెడుతున్నారని తేలింది. ఇంటిపనిలో చెయ్యి వేసే మగవాళ్ళ లెక్క 97.

సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని గనక ఇంకో మాట. పెద్దన పద్యాల్ని మెచ్చుకోడానికి మన విమర్శకు దొరికింది ‘అల్లిక’ అనే మాటే. మగవాడు మాటలు అల్లితే ప్రతిభ, ఆడది దారం అల్లితే ఓపిక. ఒక సెమినార్లో అల్లేవాళ్ళ మాటల్ని, లెక్కల్ని నేను చదివితే, “ఇవి హోంసైన్సు వాళ్ళకివ్వండమ్మా” అన్నారొక పెద్దాయన. మా మాటల్లోంచి పోలిక తీసుకోవచ్చు, మమ్మల్ని మాత్రం లోపలికి రానివ్వకూడదన్నమాట!

“సూదే కదా మనకి సంకెల, దాన్నెందుకు నెత్తిన పెట్టుకుంటావు?” అని స్నేహితురాళ్ళు అడుగుతారు. సంకెల సూదిలో లేదు, ఆ పనిని లెక్కలోకి తీసుకోకపోవడంలో ఉంది. “ఇష్టంతో చేసేదాన్ని డబ్బుతో కొలుస్తారా?” అంటారు ఇంకొందరు. ఇష్టంతో వైద్యం చేసే డాక్టరు ఫీజు తీసుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదే!

అల్లినవాళ్ళ గంటలు రాయాలి. ముక్కకు రేటెంతో, బయట అది ఎంతకి అమ్ముడవుతుందో అల్లినవాళ్ళకి తెలియాలి. వాళ్ళ లెక్కల్ని, మాటల్ని మనం చదువుగా నమోదు చెయ్యాలి. ఇక తీరిక అనే మాటంటారా, అది నిజంగా ఉన్నవాళ్ళకే వదిలేద్దాం.