ఆరోగ్యమునకు అంకెల కూలి

ఉప్పాడ జామ్దానీ చీరను కొనువారు దానిని తిరుగవేసి చూతురు. ముఖమున నున్న పువ్వే వెనుకను నుండవలెను. మగ్గపు గుంటలో కూర్చున్న నేతగాని పనితనమున కదియే సాక్ష్యము. వైద్యుని పనికిని అట్టి వెనుకప్రక్క యొకటి కలదు. లెక్కపుస్తకము ముఖమును మాత్రమే చూపును. వెనుకప్రక్క నెరుగునది రోగి యొక్కడే.

వైద్యసేవను అంకెలతో కొలిచి, ఆ అంకెలను బట్టి సొమ్ము చెల్లించు పద్ధతి మన గ్రామసీమలలో ప్రవేశించియున్నది. 2005లో ఆశా కార్యకర్తల పథక మేర్పడినపుడు పనికింత యని పారితోషికము నిర్ణయించిరి. 2018లో ఉపకేంద్రములను ఆరోగ్య, స్వస్థత కేంద్రములుగా మార్ప బూనిన కేంద్రప్రభుత్వము, అందలి సామాజిక ఆరోగ్యాధికారికి జీతము గాక నెలకు 15,000 రూపాయల వరకు పనిఫలమును బట్టి యిచ్చుటకు సూత్రము లేర్పరచెను.

"పనిచేసినవానికి ప్రతిఫల మిచ్చుట దోషమా? స్థిరమైన జీతము సోమరితనమును పెంచదా?" యని కొంద రడుగుదురు. ఈ ప్రశ్న త్రోసిపుచ్చదగినది కాదు. దీనికి బ్రిటన్ దేశపు అనుభవమే సమాధానము. అచట 2004లో 146 కొలతలు, 1,050 మార్కులు ఏర్పరచి కుటుంబవైద్యులకు సొమ్ము పంచిరి. తొలుత మధుమేహము, ఉబ్బసము గలవారి చికిత్స త్వరితముగ మెరుగుపడిన మాట నిజము. కాని 2007 నాటికి ఆ వేగము తగ్గెను. ఉబ్బసము, హృద్రోగము విషయమున సొమ్ము కట్టని భాగములు క్షీణించెను. ఎప్పుడును చూచు వైద్యుడే తమ్ము చూచుట రోగులకు అరుదయ్యెను. 2016లో స్కాట్లండు ఆ పద్ధతినే విసర్జించినది. ఒకరు ధరించి విడిచిన చొక్కాను మనము కొలత చూడకయే తొడుగుకొనవలెనా?

ఉప్పాడ తీరమునే చూడుడు. జాలరి తెల్లవారకమునుపే పడవ నెక్కును. కేంద్రము తలుపు తెరచునప్పటికి అతడు నడిసంద్రమున నుండును. ఇంట నున్నవారి రక్తపుపోటు కొలిచినచో గడులు నిండును, అంకె పూర్తియగును, సొమ్మును వచ్చును. జాలరి రోగము మాత్రము జాలరితోనే యుండును. సముద్రము ఇంటిని మ్రింగగా తావు మార్చిన కుటుంబము ఏ చిట్టాలో చేరును? నేతగాని కంటిచూపునకు, నడుమునొప్పికి గడి లేనిచో వానిని పలుకరించు వారెవరు? సులభముగ దొరకు రోగికి విలువ పెంచి, దొరకని రోగిని మరపించు కొలబద్ద న్యాయమైనది కాదు.

ఈ నింద ఇంటింటికి తిరుగు సేవకురాండ్రది కాదు. కడుపునకు చాలు జీతము నీయక, ఆకలిని అంకెకు ముడివేసినవారిదే యపరాధము. ఆంధ్రప్రభుత్వము 2019లో ఆశా కార్యకర్తల గౌరవవేతనమును నెలకు 10,000 రూపాయలకు పెంచుట సరియైన దిక్కున వేసిన అడుగు. ప్రజావైద్యులు స్థిరవేతనముపై పూర్తికాలము పనిచేయవలెనని 1946లోనే భోర్ సంఘము చెప్పినది. 2023లో మన రాష్ట్రమున నారంభమైన ఫ్యామిలీ డాక్టరు విధానమునందలి సారమును ఇదియే: వైద్యుడు గ్రామమును, గ్రామము వైద్యుని ఎరిగియుండుట.

కావున మేము కోరునది స్పష్టము. వైద్యసేవకులకు తగిన స్థిరవేతన మిండు. కొలతలను కూలికొరకు గాక లోపములను దిద్దుకొనుటకు వాడుడు. కేంద్రపు వేళలను కడలి వేళలకు అనుగుణముగ మార్చుడు. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, వేట నిషేధింపబడు 61 దినములలో, జాలరులు పెక్కురు ఒడ్డున నుందురు. అప్పుడు ప్రతి జాలరిని పరీక్షింపుడు. ఏటేట గ్రామసభలో రోగులచేతనే సేవ మంచిచెడ్డలను చెప్పింపుడు.

చీర వెనుకప్రక్కను చూడక కొనని ప్రజలము, ప్రాణము విషయమున ముఖము చూచి మోసపోవుదుమా?