చూసినందుకూ కూలి ఇవ్వాల్సిందే

మోటారు కాలితే వైండింగు చేసేవాడికి అడిగినంత ఇస్తాం. పైరు ఎండుతుంటే బేరమాడే తీరిక ఉండదు. అదే ఎలక్ట్రీషియన్ ఇంటికొచ్చి మెయిను బోర్డు విప్పి, ఎర్తు గుంత చూసి, సర్వీసు వైరు పొడవునా నడిచి, ‘‘అన్నా, ఇక్కడ ప్రమాదం ఉంది’’ అని చెప్పి రూ.500 అడిగితే మాత్రం ‘‘ఏం చేశావని? ఊరికే చూసిపోయావు కదా’’ అంటాం. టీ తాగించి పంపేస్తాం. మా మండల కమిటీలో ఇళ్ల వైరింగు తనిఖీ చేయిద్దామన్న మాట వచ్చినప్పుడు సగం మంది ఇదే అన్నారు. మిగతా సగం ‘‘అది డిస్కం పని, మన జేబులోంచి ఎందుకు పెట్టాలి?’’ అన్నారు. ఈ రెండు మాటలకూ జవాబు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ముందు డిస్కం సంగతి. మీటరు దాకా మాది, మీటరు దాటితే మీది అంటుంది శాఖ. ఇంట్లో మనిషి చనిపోతే ‘‘లోపలి వైరింగు లోపం’’ అని ఒక ముక్క రాస్తారు, పరిహారం ఫైలు అక్కడే ఆగిపోతుంది. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనల్లోనే, కనెక్షన్ ఇచ్చాక అయిదేళ్లు మించకుండా తనిఖీ చేయాలని ఉంది. 2010లో కేంద్ర విద్యుత్ అథారిటీ తెచ్చిన నిబంధనలూ ఆ అయిదేళ్ల మాట చెప్పాయి. మన పల్లెల్లో ఎవరి గడపైనా తొక్కి బోర్డు విప్పిన తనిఖీ అధికారిని మీరు చూశారా? నేను చూడలేదు. కొత్త సర్వీసుకు పెట్టే టెస్టు రిపోర్టు మీద సంతకాలు ఎక్కడ కూర్చుని పెడతారో అందరికీ తెలిసిందే. బిల్లులో మాత్రం కస్టమర్ చార్జీ నెల తప్పదు. దీని మీద పోరాడాల్సిందే, పోరాడదాం. కానీ శాఖ కదిలేదాకా మన ఇంట్లో లీకేజీ ఆగి ఉంటుందా?

ఇంకో మాట. ఆ 1956 నిబంధనల్లోనే తనిఖీ రుసుము వినియోగదారుడు ముందుగా కట్టాలని కూడా ఉంది. అంటే చూడటం కూడా పనే, దానికో ఖరీదుందని చట్టం ఎప్పుడో ఒప్పుకుంది. ఒప్పుకోనిది మనమే.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో దేశంలో కరెంటు షాకుతో పోతున్న ప్రాణాలు ఏటా పది వేలకు పైనే. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫీజు వేయబోయి పోయిన రైతు గురించి మనం ధర్నా చేస్తాం, చేయాలి కూడా. ఇంట్లో దండెం మీద చీర ఆరేస్తూ పోయిన ఆడమనిషి గురించి ఎవరూ చేయరు. ఇనప తీగ దండెం కడతాం. దాని ఒక కొస రేకుల షెడ్డు పైపుకో, సర్వీసు వైరు సపోర్టు తీగకో ఉంటుంది. పైన వైరు తొడుగు ఎండకు పగిలి తీగ రేకుకు తగులుతుంది. వాన పడుతుంది. ఆమెను లాగబోయిన భర్తో కొడుకో కూడా పోతాడు. ఏటా వానాకాలం పేపర్లో చదువుతూనే ఉన్నాం.

ఇక ఎర్తు. మూడు కన్నాల సాకెట్టు ఉంటుంది, పై కన్నానికి వైరే ఉండదు. ఉన్నచోట గోడలో ఎక్కడో తెగి ఉంటుంది. బొగ్గు, ఉప్పు వేసి పైపు దింపిన గుంతలో ఏళ్ల తరబడి చుక్క నీళ్లు పోసినవాడు ఉండడు. జేబులో టెస్టరు పెట్టుకు తిరిగేవాడికి ఇవేవీ తెలియవు. టెస్టరు కరెంటు ఉందో లేదో చెబుతుంది, ఎర్తు పనిచేస్తుందో లేదో చెప్పదు. దానికి ఎర్తు టెస్టరు కావాలి, వైరు తొడుగు బలం చూడటానికి మెగ్గరు కావాలి. ‘‘మా ఇంట్లో ఎంసీబీ ఉంది, భయం లేదు’’ అనేవాళ్లకు ఒక లెక్క. మనిషి ప్రాణం తీయడానికి ఆంపియరులో పదో వంతు చాలు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది చీమ కుట్టినట్టు కూడా ఉండదు. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరా కోసేసే ఆర్‌సీసీబీ వేరు. ఎండాకాలం ఇనప బాడీ కూలరు ముందు పిల్లల్ని పడుకోబెట్టే ఇంట్లో అది లేకపోతే ఎలా?

మరి ఉచితంగా చూస్తానని వచ్చే ఎలక్ట్రీషియన్ ఉన్నాడు కదా, డబ్బెందుకు అంటారా? పురుగుమందుల షాపుకు ఆకు పట్టుకెళ్లి ఏం కొట్టాలని అడిగితే ఏమవుతుందో మనకు తెలియదా? సలహా ఉచితం, బిల్లు నాలుగు వేలు. ఇదీ అంతే. చూసినందుకు కూలి లేనివాడు వైరు చుట్టల్లో, స్విచ్చుల్లో వెతుక్కుంటాడు. బాగున్న వైరు మార్పిస్తాడు, లేదా తొందరగా పోవాలని ‘‘అంతా బాగుంది’’ అంటాడు. తప్పు అతనిదొక్కడిదేనా? మన చెమటకు గిట్టుబాటు ధర కావాలని రోడ్డెక్కే మనం, పూట పని మానుకొని వచ్చిన అతని కూలి ఎగ్గొట్టడం ఏ న్యాయం?

కాబట్టి కమిటీ ముందు నేను పెడుతున్నది ఇది. వైర్‌మన్ పర్మిట్ ఉన్నవాళ్లనే పిలుద్దాం. ఇంటికి రూ.500, పని మొదలయ్యేముందే. చూసినవాడు ఆ ఇంట్లో రిపేరు చేయకూడదు, సామాను అమ్మకూడదు. ఏ గదిలో ఏ లోపం ఉందో, ఏది ఈ రోజే సరిచేయాలో, ఏది ఆగవచ్చో తెలుగులో కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. ఒక నకలు సంఘం దగ్గర ఉంటుంది. మెగ్గరు, ఎర్తు టెస్టరు సంఘం నిధితో కొందాం. కౌలు రైతులు, కూలీల కాలనీ ఇళ్ల తనిఖీ ఖర్చు మాత్రం డిస్కమే భరించాలని, ఈ కాగితాల నకళ్లు జతచేసి ఏఈ ఆఫీసులో అర్జీ పెడదాం. అయిదేళ్ల తనిఖీ ఎందుకు జరగలేదని అక్కడే అడుగుదాం.

తొలకరి లోపే మొదలుకావాలి. ముందు రేకుల ఇళ్లు, పెంకుటిళ్లు, తర్వాత డాబాలు. ఇంట్లో ఇనప తీగ దండెం ఉన్నవాళ్లు తనిఖీ దాకా ఆగక్కర్లేదు, ఈ రోజే విప్పి నైలాన్ తాడు కట్టండి. పేర్లు గ్రామ కమిటీ కార్యదర్శి దగ్గర రాయించండి.