జబ్బుపడ్డ పాముకు అడవి మందు కాదు

మార్కాపురం పశువుల ఆసుపత్రి దగ్గర పొద్దున పూట కాసేపు నిలబడితే పశ్చిమ ప్రకాశం బతుకుతెరువు మొత్తం కళ్లముందుకొస్తుంది. నట్టల మందు కోసం తోలుకొచ్చిన గొర్రెలు, పొదుగువాపుతో పాలు తగ్గిన బర్రె, కాళ్లు కట్టేసి ఆటోలో తెచ్చిన మేకపోతు. ఈమధ్య లాబ్రడార్లూ వస్తున్నాయి, ఎండకు నాలుక వేలాడేసుకుని. పాము మాత్రం రాదు. మన దగ్గర పాముల్ని కొని పెంచేవాళ్లు లేక కాదు. తెచ్చి చూపించాలంటే వాళ్లకు దడ.

గిద్దలూరు వైపు నుంచి ఒక ఫోను వస్తేగానీ ఆ దడ ఎంతటిదో నాకు అర్థం కాలేదు. డిగ్రీ చదివే కుర్రాడు. పక్క రాష్ట్రంలోని ఒక పెంపుడు జంతువుల షాపులో బాల్ పైథాన్ పిల్లను కొన్నాడు. థర్మోకోల్ డబ్బాలో పెట్టి, పైన ‘గాజు సామాను’ అని రాసి, ట్రావెల్స్ బస్సులో పంపించారట. మొదట్లో బాగానే ఉంది. ఇప్పుడు చూస్తే, ‘ఏం తినట్లేదు సార్. నోరు తెరిచి తల పైకెత్తి పెట్టుకుంటాంది. ముక్కు కాడ బుడగలు. షాపాయన ఫోనెత్తట్లా. ఇంట్లో అమ్మ ఒకటే గోల. దిగువమెట్ట కాడ అడవిలో వదిలేస్తా సార్, దాని బతుకు అది బతుకుద్ది.’

ఆ చివరి మాటతోనే నాకు పేచీ.

వాడిది దయే, కాదనను. ఇంట్లో దూరిన జెర్రిపోతునో తాచునో పాములు పట్టేవాళ్లు డబ్బాలో వేసుకెళ్లి నల్లమల అంచున వదలడం వాడు చిన్నప్పటి నుంచీ చూస్తున్నాడు. తనదీ అదే పని అనుకున్నాడు. కానీ ఆ తాచు ఈ నేల పాము. దాని పురుగూ పుట్రా, దాని రోగాలూ ఈ నేలవే. బాల్ పైథాన్‌ది పశ్చిమాఫ్రికా. ఘనా, టోగో, బెనిన్ దేశాల గడ్డి మైదానాల్లో ఎలుకలు తవ్విన బొరియల్లో, చెదపుట్టల్లో ఉంటుంది. భయమేస్తే తలను లోపల దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది, పేరు అందుకే వచ్చింది. విషం లేదు. పెట్టెలో పుట్టి పెట్టెలో పెరిగిన పిల్లైతే వేట అలవాటు కూడా ఉండదు. ఊపిరితిత్తుల్లో కఫం నిండిన దాన్ని తీసుకెళ్లి దిగువమెట్ట లోయలో వదిలితే ముంగిస చూడాలి, గద్ద చూడాలి, లేదా చీమలు చూడాలి.

పోనీ, చస్తే చచ్చింది అనుకుందాం. అది ఏం వదిలిపెట్టి చస్తుందన్నది అసలు సంగతి. అమెరికాలో ఫ్లోరిడా చిత్తడి నేలల్లో బర్మా కొండచిలువలు స్థిరపడిపోయిన కథ చాలామంది చదివే ఉంటారు. పెంచలేక వదిలేసినవీ, తప్పించుకున్నవీ కలిసి అక్కడి కుందేళ్లనూ రకూన్లనూ ఊడ్చిపెట్టాయి. అంతగా ప్రచారంలోకి రాని సంగతి ఇంకొకటుంది. ఆ కొండచిలువల ఊపిరితిత్తుల్లో ఆసియా నుంచి వచ్చిన ఒక పరాన్నజీవి ఉంది. శాస్త్రీయ నామం రైలియెటియెల్లా ఒరియెంటాలిస్. అది ఫ్లోరిడా సొంత పాముల్లోకి పాకింది. కొండచిలువ మొహం కూడా చూడని చిన్నచిన్న పాములు దాంతో చచ్చిపోతున్నాయి. కొండచిలువలు చేరని చోట్లకు కూడా అది చేరిపోయింది.

ఇప్పుడు మన అడవి వైపు చూడండి. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దది. 1983 నుంచి ప్రాజెక్ట్ టైగర్ కింద ఉంది. మార్కాపురం, గిద్దలూరు అటవీ డివిజన్ల పేర్లు వినగానే అందరికీ పులే గుర్తొస్తుంది, పాముల గొడవ ఎవరికీ పట్టదు. కానీ ఈ కొండల్లో మన కొండచిలువ ఉంది. నాగార్జునకొండ దగ్గర దొరికిన నమూనాతో 1976లో ఆర్.సి. శర్మ కొత్త జాతిగా ప్రపంచానికి చెప్పిన పాము ఉంది. షాపు పాముల్లో ఊపిరితిత్తులను తినేసే నిడోవైరస్‌లు, కొండచిలువ జాతుల్లో నరాల మీద దెబ్బకొట్టి ఆకాశం వైపు చూస్తూ ఉండిపోయేలా చేసే ఇంకో వైరస్ జబ్బు తిరుగుతుంటాయి. వాటిని తీసుకెళ్లి ఈ అడవి గుమ్మంలో పెట్టే హక్కు మనకెవరిచ్చారు?

అందుకని కుర్రాడికి ముందు చెప్పింది ఒకటే. వదలొద్దు. తర్వాత అడిగింది పెట్టె గురించి.

షాపులో కొన్న పాము జబ్బుల్లో చాలావాటికి మూలం పాములో ఉండదు, పెట్టెలో ఉంటుంది. పాముది చల్లని రక్తం అని బడిలో చదివి వదిలేస్తాం. దాని అర్థం ఏమిటంటే, బయటి వేడి సరిగ్గా లేకపోతే దానికి తిన్నది అరగదు, రోగంతో పోరాడే శక్తీ రాదు. బాల్ పైథాన్ పెట్టెలో ఒక కొస 31, 32 డిగ్రీలు ఉండాలి, రెండో కొస 26 దగ్గర ఉండాలి. ఏ కొసన పడుకోవాలో అది చూసుకుంటుంది. గాలిలో తేమ సగానికి తగ్గకూడదు. మన ఊళ్లలో ఈ రెండూ కుదరవు. మే నెలలో మార్కాపురం రేకుల గదిలో 43 డిగ్రీల వేడికి పాము గంటల్లో పోతుంది. దానికి భయపడి ఏసీ గదిలో పెడితే చలికి ముడుచుకుంటుంది, గాలి ఇంకా పొడిబారుతుంది. పుష్యమాసపు రాత్రి నల్లమల గాలి తగిలే గిద్దలూరు ఇంట్లో గచ్చు మీద పెట్టిన గాజుపెట్టె ఎంత చల్లబడుతుందో చెయ్యి పెడితే తెలుస్తుంది. మన కుర్రాడి పెట్టెలో ఉన్నది ఒక ఎర్ర బల్బు, కింద న్యూస్‌పేపరు. థర్మామీటర్ లేదు. షాపువాడు అమ్మలేదు, వాడు అడగలేదు.

చల్లటి పెట్టెలో ఊపిరితిత్తులకు నిమ్ము చేరుతుంది. మనమైతే దగ్గి కఫం బయటికి తోస్తాం, పాముకు ఆ వీలు లేదు. గొంతులో నిండిపోతుంది. తల పైకెత్తి, నోరు తెరిచి గాలి లాగడం అందుకే. కుర్రాడు దాన్ని కోపం అనుకుని కొన్నాళ్లు ముట్టుకోలేదు. పొడిగాలికి కుబుసం ఒక్క ముక్కగా ఊడదు, తోక కొసన ఉంగరంలా బిగుసుకుని రక్తం ఆడకుండా చేస్తుంది, కళ్ల మీది పొర అలాగే ఉండిపోతుంది. గోటితో పీకితే కన్నే పోతుంది. తడి కొబ్బరిపీచు వేసిన మట్టికుండను బోర్లించి, దూరడానికి చిన్న కంత పెడితే దానంతట అదే రాసుకుని వదిలించుకుంటుంది. నీళ్ల గిన్నెలోనే రోజంతా పడి ఉంటే, ఆ నీళ్లలో ఆవగింజ కంటే చిన్న నల్ల చుక్కలు తేలుతుంటే అవి పేలు. పాము రక్తం తాగుతాయి, ఒక పాము నుంచి ఇంకోదానికి జబ్బులు మోస్తాయి. వాటికి ఇంట్లో ఉన్న ఫినాయిలో, చీమల సుద్దముక్కో వాడితే పేలతో పాటు పామూ పోతుంది.

తిండి సంగతి చెప్పాలి. షాపులో తెల్ల ఎలుకలు తిన్న పాముకు ఇక్కడ బోనులో పడ్డ ఎలుకను వేస్తున్నారు. ఎరువుల కొట్టు వెనకో, బియ్యం మిల్లులోనో పడ్డ ఆ ఎలుక ముందురోజు ఎలుకల మందు తిని ఉండొచ్చు. బతికున్న ఎలుక తినబోయే పామునే కొరికి పుండు చేసిన సందర్భాలూ ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న బాల్ పైథాన్ నెలల తరబడి తినకుండా ఉండగలదు, కాబట్టి తినలేదని గొంతులో కుక్కకూడదు. బుడగలు వస్తున్నప్పుడైతే అసలు వద్దు. తరవాత వాళ్లమ్మ సలహా మేరకు పాలు పట్టారట.

ఇక్కడ కాస్త ఆగాలి. నాగులచవితికి పుట్టలో పాలు పోయడం భక్తి, దాని జోలికి నేను పోను. పాము నోట్లో పాలు పోయడం వేరు. దానికి పాలు అరగవు. పాములవాళ్లు పండగ ముందు పాముల్ని రోజుల తరబడి దప్పికతో ఎండబెట్టేది అందుకే, నీళ్లనుకుని తాగుతాయి. ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి నిమ్ము చేసి చంపుతాయి. కోరలు పీకిన నోట్లో చీము పట్టి, పెరుగుముక్కల్లాంటి తెల్లటి పొర పేరుకుంటుంది. బుట్టలో పాము కొన్ని వారాలో నెలలో బతికేది. పోతే ఇంకోటి పట్టుకొచ్చేవాళ్లు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ బుట్టలు మెల్లగా తగ్గాయి. గాజుపెట్టెలో బల్బు కింద ఉన్న పాము నోట్లోనూ అదే తెల్లపొర చూస్తున్నాం. పాములవాడు అంతోఇంతో నయం, తన పాముతో తనే తిరిగేవాడు. షాపువాడు డబ్బు తీసుకుని ఫోను కట్టేశాడు.

వాడి దగ్గరికి ఆ పాము ఎలా వచ్చిందో కూడా తెలుసుకోవాలి. 2023 జులైలో తిరుచ్చి విమానాశ్రయంలో కౌలాలంపూర్ నుంచి దిగిన ఒక ప్రయాణికుడి పెట్టెలో 47 కొండచిలువలు, రెండు బల్లులు దొరికాయి. అదే ఏడాది సెప్టెంబరులో బెంగళూరులో బ్యాంకాక్ సామానులో 55 బాల్ పైథాన్లు, 17 రాచనాగులు ప్రాణాలతో, ఆరు కాపుచిన్ కోతులు చచ్చిపోయి పట్టుబడ్డాయి. పట్టుబడ్డవే ఇవి. బట్టల సంచుల్లో కుక్కి, ఒకదాని మీద ఒకటి వేసి తెచ్చిన పాముల్లో జబ్బు ఉండకపోతే ఆశ్చర్యపోవాలి. అది కొన్నవాడి ఇంట్లో వారాల తర్వాత బయటపడుతుంది. షాపులన్నీ దొంగసరుకే అమ్ముతాయని నేననను. దేశంలోనే పిల్లల్ని పుట్టించి అమ్మేవాళ్లున్నారు. మరి ఆ సంగతి కాగితం మీద చూపించాలి కదా.

ఇక దడ సంగతి. మన వైపు ‘పాము కొన్నా’ అంటే ముందు గుర్తొచ్చేది రెండు తలల పాము ముఠాలే. గుప్తనిధులు చూపిస్తుందని, తూకాన్ని బట్టి లక్షలని నమ్మించే వ్యాపారం. వైల్డ్‌లైఫ్ కన్జర్వేషన్ సొసైటీ భారత విభాగం 2016 నుంచి 2021 దాకా పత్రికల్లో వచ్చిన వార్తలను ఏరితేనే దేశం మొత్తం మీద 172 కేసులు తేలాయి. ఆ వార్తలు చదివినవాడు పాము డబ్బాతో రోడ్డెక్కుతాడా? కానీ చట్టం అన్ని పాముల్నీ ఒకే గాట కట్టలేదు. షాపువాడు అంటగట్టింది మన కొండచిలువ పిల్లే అయితే అది మొదటి షెడ్యూల్. కొన్నా పెంచినా మూడు నుంచి ఏడేళ్ల జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. దాన్ని అటవీశాఖకు అప్పగించడం తప్ప దారి లేదు, ఎంత త్వరగా అయితే అంత మంచిది. బాల్ పైథాన్ అయితే నాలుగో షెడ్యూల్. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం కొన్న 30 రోజుల్లో పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. చేతులు మారినా, పిల్లలు పెట్టినా, చచ్చిపోయినా తెలపాలి. మన కుర్రాడి దగ్గరున్న కాగితం వాట్సాప్‌లో వచ్చిన ఫోన్‌పే రసీదు ఒక్కటే.

ఇది తప్పే, దిద్దుకోవాల్సిందే. అయితే జబ్బు జీవిని తెచ్చినవాడిని వైద్యుడు కాగితాలతో మొదలుపెట్టి ప్రశ్నిస్తే, రెండోవాడు రాడు, నేరుగా దిగువమెట్ట పోతాడు. వైద్యం ముందు జరగాలి, కాగితం వెనకే రావాలి. అటవీశాఖ, పశుసంవర్ధక శాఖ మార్కాపురంలో ఒక గంట కూర్చుంటే తేలిపోయే పని ఇది. పై నుంచి జీవో రావాల్సిన అవసరం కూడా కనబడదు నాకు.

మన పశువైద్యుడికి పాము తెలియదని ఎగతాళి చేయడమూ సరికాదు. ఆయన చదువంతా ఆవు, గేదె, గొర్రె చుట్టూ తిరిగింది. బీరువాలో పనికొచ్చే మందులు లేకపోలేదు, కొలతలోనే చిక్కు. పేలకు వాడే ఐవర్‌మెక్టిన్ సూదిమందు ఒక శాతం గాఢతతో దొరుకుతుంది. కిలో పాముకు పట్టేది 0.02 మిల్లీలీటరు, చుక్కలో సగం కూడా కాదు. పలుచన చేయకుండా సిరంజిలోకి ఎక్కించడమే కష్టం. అదే మందు తాబేలుకు వేస్తే చస్తుంది. యాంటీబయాటిక్ సూది పాము ఒంటి ముందు సగంలోనే వేయాలంటారు, తోక వైపు నుంచి వచ్చే రక్తం ముందు మూత్రపిండాల గుండా పోతుంది కాబట్టి. ఇవన్నీ తెలిసినవాళ్లు తిరుపతిలో ఉన్నారు. అక్కడి పశువైద్య కళాశాల 1955 నాటిది, జూపార్కు 1987 నుంచి ఉంది. మార్కాపురం డాక్టరుగారు ఫోను చేసి అడిగితే చాలు, పాము అంతదూరం పోనక్కర్లేదు. 1962కు ఫోన్ చేస్తే బర్రె కోసం ఊళ్లోకి బండి వచ్చే రాష్ట్రంలో ఇది మరీ పెద్ద కోరిక కాదు.

కుర్రాడు చివరికి ఆ డబ్బాను గుడ్డసంచిలో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్లాడు. బరువు తూచడానికి పక్కన కిరాణా కొట్టు నుంచి ఎలక్ట్రానిక్ కాటా తెప్పించారట. 640 గ్రాములు. మందు మొదలైంది, పెట్టెలోకి థర్మామీటరు వచ్చింది. బతుకుతుందో లేదో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. ఊపిరితిత్తుల జబ్బు ముదిరాక సగం చేయి దాటిపోయినట్టే. పోతే వాగులో విసిరేయకుండా లోతుగా పూడ్చమనీ, పోర్టల్‌లో రాయమనీ, ఆ పెట్టెను బ్లీచింగ్‌తో కడిగి ఎండలో పెట్టమనీ చెప్పాను. ఈ లోపల షాపువాడు ఫోనెత్తాడట. ‘ఇంకోటి పంపిస్తా, సగం రేటుకి’ అన్నాడట. ముందు మొదటిదాని బిల్లు పంపమని అడగరా అన్నాను.